కొలత చేలోనే మొదలవుతుంది

(కోహీర్‌లో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. ఆ తరువాత అమెరికా వెళ్లి, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో పరిశోధకుడిగా ఎదిగారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర, కేన్సర్ వార్డుల్లో వాడే మెథోట్రెక్సేట్, వీటన్నిటి వెనుకా ఆయన నడిపించిన ప్రయోగశాల ఉంది. ఇంత చేసిన మనిషి పేరు మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఇలాంటి ఉపన్యాసాలు అందుకే కావాలి.

వైద్యుడి పేరు మీద జరిగే సభలో మొక్కల హార్మోన్ల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. సుబ్బారావు గారు జీవితమంతా చేసిన పనిని క్లుప్తంగా చెప్పాలంటే ఇది: ప్రాణమున్న కణజాలంలో అతి కొద్దిగా ఉండే పదార్థాన్ని బయటికి తీయడం, శుద్ధి చేయడం, ఎంత ఉందో తేల్చడం. మొక్కల శరీరధర్మశాస్త్రంలో మేం చేసేదీ అదే. పైగా ఆయన ఆధ్వర్యంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ అసలు వృక్షశాస్త్రవేత్తే. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేశాక అక్కడ చేరి, 70 ఏళ్లు దాటిన వయసులో మట్టి నమూనాల్లోంచి ఆ మందును పట్టుకున్నారు. మనిషి వైద్యానికీ మొక్కల శాస్త్రానికీ మధ్య గోడ ఉండాలని సుబ్బారావు గారు ఎన్నడూ అనుకోలేదు.

ఇక కోహీర్ సంగతి. జామతోటల ఊరిది. ఎర్రనేలల్లో జామ, మామిడి, అల్లం, ఆలుగడ్డ, పత్తి, కంది పండే ప్రాంతం. ఇక్కడి రైతు పూత రప్పించడానికి, రాలకుండా ఆపడానికి, కాయ మాగడానికి ఏడాది పొడవునా మొక్కల హార్మోన్లతోనే వ్యవహరిస్తుంటాడు. అందుకే వాటిని ఎలా కొలుస్తారో, ఆ కొలతలో రైతుకున్న పాత్ర ఏమిటో ఇక్కడే చెప్పాలనుకున్నాను.

రంగు ఆలస్యమైనప్పుడు

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు గారు భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాకు ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, రంగు తెప్పించే మరో రసాయనం వేస్తే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన మోతాదుతో తయారుచేసిన నీలంతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. వందేళ్లు గడిచినా ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. మీ చెలక మట్టిలో మొక్కకు అందే భాస్వరం ఎంతో నేల పరీక్షలో తేల్చేది కూడా ఇదే జాతి నీలిరంగు.

ఆ పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రవానికి వాడినప్పుడు రంగు రావాల్సిన వేగంతో రాలేదు. నిదానంగా చిక్కబడుతూ పోయింది. చాలామంది అయితే రసాయనం పాడైందనుకుని కొత్త సీసా తీసేవారు. వీరిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటును తనతో కట్టుకుని ఉన్న నిలకడలేని పదార్థమేదో కండరంలో ఉందని, పరీక్ష జరుగుతుండగానే అది విరిగి ఫాస్ఫేటును వదులుతోందని గుర్తించారు. 1927లో ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో వారి దారి కణానికి శక్తినందించే ఏటీపీ దాకా వెళ్లింది. అంతకు ముందు కండరంలో విడిగా ఉందనుకున్న ఫాస్ఫేటులో పెద్ద భాగం, కొలిచేవాళ్ల చేతుల్లో విరిగి విడివడినదే.

నేను ఈ వేళ చెప్పదలచుకున్నదంతా ఈ ఉదంతంలోనే ఉంది. ప్రాణమున్న కణజాలం మనం ముట్టుకోగానే మారిపోతుంది. కొలిచిన అంకె వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది మొక్కలో ఉన్నదా, మన చేతుల్లో పుట్టినదా? మొక్కల హార్మోన్ల విషయంలో ఈ ప్రశ్నలకు జవాబు యంత్రం దగ్గర దొరకదు, ఆకు కోసిన క్షణంలో దొరుకుతుంది.

ఎంత కొద్ది?

మొక్కకు నాడులు లేవు, మెదడు లేదు. వేరుకు నీరు తగ్గితే ఆకుకు తెలియాలి, కొమ్మ చివర పెరుగుతుంటే పక్కమొగ్గ ఆగాలి, గింజ నిండాక కాయ మాగాలి. ఈ కబుర్లు మోసేవి హార్మోన్లు. ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు, సైటోకైనిన్లు, అబ్సిసిక్ ఆమ్లం, ఇథిలీన్ అనే ఐదింటిని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. బ్రాసినోస్టీరాయిడ్లు, జాస్మోనిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం తరువాత చేరాయి. వీటిలో చాలావరకు గ్రాము ఆకులో నానోగ్రాముల లెక్కన ఉంటాయి. గ్రామును వందకోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోగ్రాము.

ఇంత కొద్దిదాన్ని పాతరోజుల్లో ఎలా పట్టుకున్నారు? మొక్కనే తక్కెడగా వాడారు. 1926లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్ మొలకల మొనలు కోసి అగర్ జెల్లీ ముక్కల మీద పెట్టారు. మొనలోంచి అగర్‌లోకి దిగిన పదార్థాన్ని, మొన తీసేసిన మొలక మీద ఒక పక్కగా ఉంచితే ఆ పక్క ఎక్కువ పెరిగి మొలక వంగింది. ఎన్ని డిగ్రీలు వంగిందన్నదే ఆక్సిన్ కొలత. రసాయనం పేరు కూడా తెలియని రోజుల్లో చీకటి గదిలో కోణమానినితో చేసిన పని అది. మొక్కల హార్మోన్ల పరిమాణాన్ని తేల్చే శాస్త్రం అక్కడ మొదలైంది.

రసాయనాన్ని చేతికి తెచ్చుకోవాలంటే మాత్రం గుట్టల కొద్దీ కణజాలం కావాల్సి వచ్చింది. పత్తిలో పిందె ఎందుకు రాలుతుందో వెతుకుతూ కాలిఫోర్నియాలో ఫ్రెడ్ అడికాట్ బృందం 225 కిలోల లేత పత్తికాయలను నలిపి, వడగట్టి, శుద్ధి చేసింది. 1963లో వారి చేతికి వచ్చింది 9 మిల్లీగ్రాముల స్ఫటికం. అదే ఇప్పుడు అబ్సిసిక్ ఆమ్లంగా మనకు తెలిసిన హార్మోన్. 1979లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు తేనెటీగలు సేకరించిన 227 కిలోల ఆవజాతి పుప్పొడి నుంచి బ్రాసినోస్టీరాయిడ్లలో ఒకటైన బ్రాసినోలైడ్‌ను 4 మిల్లీగ్రాములు తీశారు. ఫోలిక్ ఆమ్లం చరిత్ర కూడా ఇలాంటిదే. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు దాన్ని 4 టన్నుల పాలకూర నుంచి తీశారు. దాని నిర్మాణాన్ని తేల్చి, కృత్రిమంగా తయారుచేసి మందుల షాపు దాకా తెచ్చింది సుబ్బారావు గారి బృందం.

ఈ అంకెలను మన చేల పక్కన పెట్టి చూడండి. పత్తిలో పూత, పిందె రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్‌లో ఉండేది నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, అంటే కృత్రిమ ఆక్సిన్. అది నూటికి నాలుగున్నర పాళ్ల ద్రావణం. 1 మిల్లీలీటరును నాలుగున్నర లీటర్ల నీటిలో కలపమని చెబుతారు. అప్పుడు లీటరుకు 10 మిల్లీగ్రాములు పడుతుంది, దాన్నే 10 పీపీఎం అంటాం. 225 కిలోల పత్తికాయలు నలిపితే దొరికిన సహజ హార్మోన్ కన్నా మీ స్ప్రేయరులోని ఒక్క లీటరు నీటిలో ఉన్న కృత్రిమ హార్మోన్ బరువు ఎక్కువ. రెండూ వేర్వేరు హార్మోన్లే, పైగా చల్లినదంతా మొక్కలోకి వెళ్లదు. అయినా మొక్క తన పని ఎంత సూక్ష్మంగా చక్కబెట్టుకుంటుందో, మనం ఎంత బరువైన చేత్తో అందులో జోక్యం చేసుకుంటున్నామో ఈ లెక్క చెబుతుంది. సీసా మూత నిండా కొలిచే బదులు కంటి అంచనాతో పోయడం ఎందుకు ప్రమాదమో కూడా చెబుతుంది. తక్కువ మోతాదులో పిందెను నిలిపే ఆక్సినే ఎక్కువ మోతాదులో దాన్ని రాల్చేస్తుంది. జామలో వానకాలపు పూతను రాల్చడానికి ఇదే మందును ఎక్కువ గాఢతలో వాడతారు.

కోసిన క్షణం నుంచి

ఇప్పుడు 225 కిలోలు అక్కర్లేదు. గోరంత ఆకు, అంటే 50 నుంచి 100 మిల్లీగ్రాములు చాలు. యంత్రాలు అంత సున్నితమయ్యాయి. అందువల్లే చేతి పొరపాట్లు కూడా అంత స్పష్టంగా యంత్రంలో కనిపిస్తాయి.

జామ ఆకు ఒకటి తెంపాం అనుకుందాం. తెంపడం చెట్టుకు గాయం. గాయపడ్డ చోట జాస్మోనిక్ ఆమ్లం నిమిషాల్లోనే పెరుగుతుంది. ఇథిలీన్ పెరుగుతుంది. ఆకును చేతిలో పట్టుకుని నీడకు నడిచేలోపు అది వాడిపోవడం మొదలుపెడుతుంది. వాడిన ఆకులో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. మధ్యాహ్నం దాకా సంచిలో ఉంచి ప్రయోగశాలకు తెస్తే యంత్రం చక్కని అంకె ఇస్తుంది. ఆ అంకె చెట్టుది కాదు, సంచిదే.

అందుకే ఆకు తెంపిన కొన్ని సెకన్లలోనే ద్రవ నత్రజనిలో వేస్తాం. దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీలు. సలసలమని మరిగి పొగలు కక్కుతుంది, ఆకు గాజుముక్కలా పెళుసుబారుతుంది. ఆ క్షణంలో ఎంజైములన్నీ ఆగిపోతాయి. ఆకు ఆ స్థితిలోనే నిలిచిపోతుంది. నత్రజని ఆవిరైపోయే కొద్దీ పోస్తూనే రోట్లో మెత్తటి పొడి చేస్తాం. పొడి ఒక్కసారి కరిగి తడిసిందంటే ఆ నమూనా పారేయాల్సిందే. దూరం తీసుకెళ్లాలంటే పొడిమంచులో, నిల్వ ఉంచాలంటే సున్నాకు దిగువన 80 డిగ్రీల ఫ్రీజరులో పెట్టాలి.

ఏ ఆకు తెంపామన్నది కూడా కొలతలో భాగమే. కొమ్మ చివరి లేతాకులో ఒక లెక్క, ముదురాకులో మరో లెక్క. తెల్లవారుజామున ఒకటి, నడిపొద్దున ఒకటి. ఎండపక్క కొమ్మకూ నీడపక్క కొమ్మకూ తేడా. అందుకే ఒకే వేళకు, ఒకే వరుస ఆకును, వేర్వేరు చెట్ల నుంచి తీసుకోవాలి. ఒకే చెట్టు ఆకు పొడిని యంత్రంలో పదిసార్లు పెడితే పది చెట్లు కావు. యంత్రం మాట మీద నిలబడుతుందో లేదో తెలుస్తుంది, తోట సంగతి తెలియదు.

ఆలుగడ్డనే తీసుకోండి. జహీరాబాద్ ప్రాంత రైతులకు విత్తనపు గడ్డ నిద్ర గురించి నేను చెప్పనక్కర్లేదు. తవ్విన గడ్డ కొన్ని వారాలు మొలకెత్తదు, ఆపైన కన్ను విచ్చుతుంది. ఆ నిద్రలో అబ్సిసిక్ ఆమ్లానిది, మేల్కొలుపులో జిబ్బరెల్లిన్లది ముఖ్యపాత్ర. గడ్డ మొత్తం నలిపి కొలిస్తే పిండి పదార్థం బరువులో ఈ తేడా మునిగిపోతుంది. కన్ను ఉన్న చోట చిన్న ముక్క చెక్కి కొలిస్తేనే నిద్ర తెలుస్తుంది. ఎక్కడ చెక్కాలో తెలిసినవాడు గడ్డను రోజూ చేత్తో పట్టేవాడే.

ఇంకో మెలిక ఉంది. నీరులేక వాడిన ఆకు బరువు తగ్గుతుంది. అదే హార్మోన్‌ను తగ్గిన బరువుతో భాగిస్తే, హార్మోన్ పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. కరువును పరిశీలించేవాళ్లు అందుకే పొడి బరువు మీద కూడా లెక్క కట్టాలి. సుబ్బారావు గారి నీలిరంగు నేర్పిన జాగ్రత్త ఇదే.

బయటికి తీయడం, లెక్క తేల్చడం

పొడిని ఇప్పుడు ద్రావణంలో నానబెట్టాలి. నూటికి 80 పాళ్ల మిథనాల్ అందరికీ తెలిసిన దారి. ఐసోప్రొపనాల్, నీళ్లు, చిటికెడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం మరో దారి. ఆక్సిన్ వెలుతురుకు, గాలికి చెడిపోతుంది. అందువల్ల ఆక్సీకరణాన్ని ఆపే పదార్థం కలిపి, చీకట్లో, చల్లగా 4 డిగ్రీల దగ్గర పని చేస్తాం. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పిప్పిని వేరుచేశాక మిగిలేది చిక్కటి ఆకుపచ్చ రసం. అందులో హార్మోన్ నానోగ్రాముల్లో, పత్రహరితం, చక్కెరలు, వగరు పదార్థాలు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. జామాకులో వగరు మరీ ఎక్కువ. అవి యంత్రంలోకి వెళ్తే హార్మోన్ సంకేతాన్ని అణిచేస్తాయి. కాబట్టి శుద్ధి చేసే చిన్న గొట్టాల గుండా పోయించి, హార్మోన్‌ను నిలిపి, అడ్డమైనవి కడిగేసి, నత్రజని వాయువుతో ఆరబెట్టి, రెండు చుక్కల మిథనాల్‌లో మళ్లీ కరిగిస్తాం.

ఇన్ని దశల్లో హార్మోన్ కొంత పోతుంది. ఎంత పోయిందో తెలియకపోతే మిగిలినదాని లెక్కకు విలువ లేదు. దీనికి శాస్త్రవేత్తలు కనుగొన్న ఉపాయం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మందలో ఎన్ని గొర్రెలున్నాయో తెలియనప్పుడు, మేతకు వెళ్లేముందు రంగు పూసిన 20 గొర్రెలను కలిపారనుకోండి. సాయంత్రానికి కొన్ని తప్పిపోయాయి. మిగిలినవాటిలో రంగు లేనివి 30, రంగువి 10 కనిపిస్తే, తప్పిపోవడం అన్నిటికీ ఒకేలా జరిగింది గనుక పొద్దున రంగు లేనివి 60 ఉండేవని లెక్క కట్టవచ్చు. మేం రంగుకు బదులు బరువు పూస్తాం. అబ్సిసిక్ ఆమ్లంలోని ఆరు హైడ్రోజన్ల స్థానంలో బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియం పెట్టిన హార్మోన్‌ను తెలిసిన మోతాదులో పొడి దశలోనే కలుపుతాం. అది సహజ హార్మోన్‌లాగే కరుగుతుంది, అలాగే పోతుంది, అలాగే మిగులుతుంది. బరువు మాత్రం ఆరు ఎక్కువ.

చివరన ఉండే యంత్రం క్రొమటోగ్రఫీతో జతచేసిన మాస్ స్పెక్ట్రోమీటర్. అది అణువులను బరువును బట్టి ఏరుతుంది. సహజ అబ్సిసిక్ ఆమ్లాన్ని 263 దగ్గర పట్టుకుని, విరగ్గొట్టి 153 ముక్కను లెక్కిస్తుంది. మనం కలిపిన దాన్ని 269 దగ్గర పట్టుకుని 159 ముక్కను లెక్కిస్తుంది. 100 మిల్లీగ్రాముల ఆకులో 20 నానోగ్రాములు కలిపి, యంత్రం గీసే రెండు శిఖరాల (సహజమైనది, మనం కలిపినది) నిష్పత్తి 3కి 2గా వస్తే ఆకులోనిది 30 నానోగ్రాములు. గ్రాముకు 300. దారిలో సగం ఒలికిపోయినా నిష్పత్తి చెక్కుచెదరదు. ఉట్రెక్ట్‌లో మొలక వంపుతో మొదలైన లెక్క ఇక్కడికి వచ్చింది.

ఈ విద్య మనకు దూరదేశపు విషయం కాదు. ఇదే బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరులో 1972 నుంచి అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర గారు అబ్సిసిక్ ఆమ్లం అందగానే పత్రరంధ్రాలు ఎలా మూసుకుంటాయో ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆ హార్మోన్‌ను కణం ఎలా గుర్తిస్తుందో వివరిస్తూ 2010లో ఆయన సహరచయితగా వచ్చిన వ్యాసాన్ని ప్రపంచమంతా చదివింది. ఉస్మానియాలో సీతారామ్ రావు గారు, విద్యావర్ధిని గారు బ్రాసినోస్టీరాయిడ్లు వేరుశనగ పెరుగుదల మీద, టమాట మాగడం మీద ఎలా పనిచేస్తాయో చూపించారు. తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి వేళ్లున్నాయి.

జామ అడుగుతున్న ప్రశ్నలు

కోహీర్ జామకు శాస్త్రంలో ఇప్పటికే చోటుంది. సంగారెడ్డి ఫల పరిశోధనా కేంద్రం కోహీర్ రకాన్ని అలహాబాద్ సఫేదాతో సంకరం చేసి కోహీర్ సఫేదాను, సఫేద్ జామ్‌ను తెచ్చింది. వాటికి పేరు తెచ్చిన గుణాల్లో ఒకటి గింజలు తక్కువగా, మెత్తగా ఉండటం. తినేవారికి అది సుఖం. మొక్కల శరీరధర్మం తెలిసినవారికి అది పెద్ద ప్రశ్న. కాయ పెరగడానికి కావలసిన ఆక్సిన్, జిబ్బరెల్లిన్లు చాలావరకు గింజల నుంచే వస్తాయి. 1950లో జాన్ నిట్ష్ స్ట్రాబెర్రీ మీది గింజలన్నీ గిల్లేస్తే కాయ ఎదుగుదల ఆగిపోయింది, ఆక్సిన్ పూస్తే మళ్లీ సాగింది. మరి గింజలు తక్కువైన మన జామ అంత గుండ్రంగా, అంత నిండుగా ఎలా ఊరుతోంది? ఉన్న కొద్ది గింజలే ఎక్కువ పంపుతున్నాయా? గుజ్జే తయారు చేసుకుంటోందా? పిందె నుంచి పండు దాకా వారం వారం గింజను, గుజ్జును వేరుగా కొలిస్తే జవాబు దొరుకుతుంది. ఈ ప్రశ్న వేయాల్సింది కోహీరే.

బహార్ పట్టించడం మీకు తెలిసిన విద్య. ఏప్రిల్, మే నెలల్లో నీరు ఆపుతారు. ఆకు రాలుతుంది. జూన్‌లో నీరందగానే కొత్త చిగురు, దాని మీద పూత, చలికాలంలో మంచి కాయ. వానకాలపు కాయ కన్నా దీనికి రుచి ఎక్కువ, పండు ఈగ బెడద తక్కువ. హార్మోన్ మాట తలవకుండానే మన రైతులు చెట్టులో అబ్సిసిక్ ఆమ్లాన్ని పెంచి దించుతున్నారు. కరువు ముదిరితే ఆకులో ఈ హార్మోన్ 50 రెట్ల దాకా పెరగగలదు. ఎంత పెరిగేదాకా ఆపితే పూతకు మేలు, ఎక్కడ దాటితే చెట్టుకు దెబ్బ? లోతైన నేలలో ఎన్నాళ్లు, తేలిక ఎర్రనేలలో ఎన్నాళ్లు? ఇవి అంచనాతో నడుస్తున్నాయి. కొలతతో నడవవచ్చు.

ఇక మాగడం. చాలా రకాల జామ కోశాక కూడా ఇథిలీన్ వదులుతూ మాగుతుంది, అందుకే బుట్టలో మూడు నాలుగు రోజులకు మెత్తబడుతుంది. మొక్కల మీద ఇథిలీన్ ప్రభావాన్ని 1901లో రష్యాలో నెల్యుబోవ్ బఠాణీ మొలకల్లో గుర్తించారు. పండ్లే దాన్ని తయారు చేస్తాయని 1934లో ఇంగ్లండ్‌లో గేన్ రసాయనికంగా నిరూపించారు. దీన్ని కొలవడం మిగతా హార్మోన్ల కన్నా సులువు, ఎందుకంటే అది తనంతట తానే బయటికి వస్తుంది. పండును గాజు జాడీలో పెట్టి గాలి చొరకుండా మూస్తాం. గంట తరువాత మూతలోని రబ్బరు గుండా సూది గుచ్చి 1 మిల్లీలీటరు గాలి లాగి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తాం. పండు ఆక్రమించిన చోటు తీసేయగా జాడీలో 1 లీటరు గాలి ఉండి, అందులో ఇథిలీన్ 2 పీపీఎం వస్తే మొత్తం 2 మైక్రోలీటర్లు. పండు 200 గ్రాములైతే, కిలోకు గంటకు 10 మైక్రోలీటర్లు. ఇక్కడా అదే జాగ్రత్త. కోసేటప్పుడు దెబ్బ తగిలిన కాయ గాయపు ఇథిలీన్ వదులుతుంది. తొడిమతో కోయని కాయ, సంచిలో కుదిపిన కాయ కొలతకు పనికిరావు. జాడీని పొద్దంతా మూసి ఉంచితే పోగయ్యే బొగ్గుపులుసు వాయువు లెక్కను తారుమారు చేస్తుంది.

రోజువారీగా ఈ కొలత ఉంటే ఏ దశలో కోస్తే హైదరాబాద్ మార్కెట్ దాకా గట్టిగా ఉంటుందో, ఏ దశలో కోస్తే మరింత దూరం పోగలదో చెప్పవచ్చు. మామిడి మాగబెట్టడానికి కార్బైడ్ వాడకాన్ని చట్టం నిషేధించింది. దానికి బదులు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా అనుమతించింది. ఆ 100 అనే అంకెకు అర్థం ఉండాలంటే మాగబెట్టే గదిలో కొలిచే పరికరం ఉండాలి.

సీసాలో ఏముంది?

నాకు బాగా బాధ కలిగించే విషయం ఇది. విత్తన, ఎరువుల దుకాణాల్లో పూత రప్పించే మందు, కాయ ఊరే మందు, పచ్చదనం పెంచే మందు అంటూ రంగురంగుల సీసాలు అమ్ముతున్నారు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నమోదైన హార్మోన్ల సంగతి వేరు. వాటి మీద పదార్థం పేరు, శాతం ఉంటాయి. సముద్రపు నాచు రసం లాంటి జీవ ఉత్ప్రేరకాలను కేంద్రం 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. 1968 చట్టం కిందికి వచ్చే పెరుగుదల హార్మోన్లు ఈ కోవలోకి రావని ఆ ఉత్తర్వే స్పష్టంగా చెప్పింది. పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం దాటకూడదని కూడా హద్దు పెట్టింది. అంటే నాచు రసమని చెప్పి అందులో జిబ్బరెల్లిక్ ఆమ్లం కలపడం తప్పు.

కలిపారో లేదో ఎలా తెలుస్తుంది? వాసన చూస్తే తెలియదు, చల్లితే తెలియదు. కలిపిన సీసా చల్లితే వారంలో చిగురు దూసుకొస్తుంది గనుక రైతు మెచ్చుకుంటాడు కూడా. తరువాతి పూతలో నష్టం కనిపించేసరికి కారణం ఎవరికీ గుర్తుండదు. మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి పరికరమే నిజం చెబుతుంది. ఆకులో నానోగ్రాములను పట్టగల శాస్త్రానికి సీసాలో మిల్లీగ్రాములను పట్టడం కష్టం కాదు. కొలవగలిగినదాన్ని కొలవకుండా రైతుకు అమ్మడం అన్యాయం. ఈ మాట నేను గట్టిగానే అంటున్నాను.

మన చేతిలో ఉన్న పని

ముగించేముందు మూడు కోరికలు కోరుతున్నాను.

మొదటిది విద్యార్థులను. ప్రతి పాఠశాల, జూనియర్ కళాశాల పక్కనున్న తోటలో పది జామచెట్లకు గుర్తులు పెట్టండి. నీరు ఆపిన తేదీ, ఆకు రాలిన తేదీ, మొదటి పూత, కోత, రోజువారీ కనిష్ఠ ఉష్ణోగ్రత పుస్తకంలో రాయండి. చలికాలంలో రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలో కోహీర్ ఒకటి. ఆ చలి జామ మీద ఏం చేస్తుందో మీరు రాసిన పుస్తకం లేకుండా ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు. హార్మోన్ కొలతకు సగం విలువ ఆ వివరాల వల్లే వస్తుంది.

రెండోది రైతులను. శాస్త్రవేత్త మీ తోటకు వచ్చి ఆకు తెంపితే ఏ చెట్టు, ఏ కొమ్మ, ఏ పొద్దు అని మీరే చెప్పండి. ఈ చెట్టుకు పోయినేడు జబ్బు చేసింది, ఆ మూలన నీరు నిలుస్తుంది అన్న మాట యంత్రానికి తెలియదు. సీసా కొనేటప్పుడు అందులో ఏ పదార్థం ఎంత ఉందో అడగండి, బిల్లు తీసుకోండి, అనుమానం వస్తే తెరవని సీసాను వ్యవసాయాధికారికి నమూనాగా అందించండి. తోటల అంచున ఎక్కడైనా పాత కోహీర్ జామచెట్టు మిగిలి ఉంటే నరకకండి. గింజ తక్కువ గుణానికి మూలం అందులోనే ఉండవచ్చు.

మూడోది పరిశోధనా సంస్థలను, ప్రభుత్వాన్ని. ద్రవ నత్రజని పాత్ర, పొడిమంచు పెట్టె, నమూనా తీయడంలో శిక్షణ పొందిన ఇద్దరు యువతీయువకులు, ఇవి జహీరాబాద్ ప్రాంతానికి ఇవ్వండి. యంత్రం సంగారెడ్డిలోనో హైదరాబాద్‌లోనో ఉండవచ్చు. ఆకును గడ్డకట్టించే పని మాత్రం కోహీర్ తోటలోనే జరగాలి. ఫలితం వచ్చాక అది తెలుగులో, చెట్టు నంబరుతో సహా, ఆ తోట రైతుకు అందాలి. నేల పరీక్ష ఫలితాన్ని కార్డుగా ఇవ్వగలిగిన వ్యవస్థకు ఇది అసాధ్యం కాదు.

సుబ్బారావు గారు కనిపెట్టిన మందుల్లో ఎక్కువ భాగం పేరుకు ఆయనవి కావు. పేటెంట్లలో, పత్రికల్లో ఆయన వెనక నిలబడ్డారు. ఆయన పేరు పద్ధతిలోనే నిలిచింది. కొలిచే పద్ధతిని బాగు చేసినవాడు తన తరువాత కొలిచే ప్రతివాడికీ సాయం చేస్తాడు. కోహీర్ పిల్లల్లో ఒక్కరైనా జామాకులో హార్మోన్‌ను ఇప్పటికన్నా నమ్మకంగా, చవకగా, చేలోనే కొలిచే పద్ధతి కనిపెట్టాలని, ఆ పద్ధతి ఈ ఊరి పేరుతోనే పుస్తకాల్లోకి ఎక్కాలని మనసారా కోరుకుంటున్నాను. అందుకు కావాల్సిన చదువు, పరికరాలు సమకూర్చడం పెద్దలుగా మన బాధ్యత.